ఇంట్లో కలిపిన జింజర్ బీర్ కాక్‌టెయిల్స్ తియ్యగా, చప్పగా వస్తున్నాయి. పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

ప్రశ్న అడిగినవారు: యర్రా ఒడ్డు

అందరికీ నమస్కారం. మేము మెల్‌బోర్న్‌లో ఉంటాం. పోయిన శనివారం రాత్రి ఆరుగురు మిత్రులు భోజనానికి వచ్చారు. వచ్చాక ఒక్కొక్కరికీ కలుపుతూ కూర్చోవడం ఎందుకని, వాళ్ళు రావడానికి గంట ముందే పెద్ద జగ్గులో వోడ్కా, నిమ్మరసం, జింజర్ బీర్ (అంటే అల్లం రుచిగల తియ్యటి సోడా) పోసి, గరిటెతో బాగా కలిపి మాస్కో మ్యూల్ సిద్ధం చేసి పెట్టాను. తీరా అందరి చేతికీ గ్లాసులు వచ్చేసరికి అందులో బుడగ అన్నదే లేదు, తీపి మాత్రం నాలుకకు అతుక్కుంటోంది, అల్లం ఘాటు ఎక్కడా తెలియడం లేదు. మర్యాదకు బాగుందన్నారు గాని, ఆరు గ్లాసుల్లో నాలుగు సగం సగం మిగిలిపోయాయి.

నా సందేహాలు ఇవి. అసలు కొలతలు ఎలా ఉండాలి? ఈ పానీయాన్ని రాగి కప్పులో ఇస్తారని చదివాను. మా అమ్మ మంచినీళ్ళకని ఇంటి నుంచి తెచ్చిన రాగి గ్లాసులు ఉన్నాయి, వాటిలో పోయవచ్చా? జింజర్ బీర్ ఇంట్లోనే తయారు చేసుకుంటే ఘాటు పెరుగుతుందా? రమ్ముతో చేసే రకానికి మన ఓల్డ్ మాంక్ సరిపోతుందా? చివరిగా మరొకటి. అమ్మ మద్యం ముట్టదు. అందరం గ్లాసులు పట్టుకొని కూర్చున్నప్పుడు ఆవిడ ముందు మంచినీళ్ళు పెట్టడం నాకు నచ్చలేదు. ఆవిడకు కూడా అదే రుచికి దగ్గరగా ఏదైనా ఇవ్వాలని ఉంది.

సమాధానం: బ్రిస్బేన్ నుంచి ఒకరు

చదువుకునే రోజుల్లో రెండేళ్ళపాటు వారాంతాల్లో ఒక బార్‌లో పనిచేశాను కాబట్టి అక్కడ చేతికి అలవాటైన విషయాలే చెబుతాను. మీ పొరపాటు జగ్గుతోనే మొదలైంది. ఈ పానీయాల్లో వోడ్కాకు చెప్పుకోదగిన రుచి లేదు. గ్లాసులో ముప్పావు వంతు జింజర్ బీరే ఉంటుంది కాబట్టి దాని చలువ, దాని గ్యాసు, దాని ఘాటు ఎలా ఉంటే పానీయం అలా ఉంటుంది. సోడా ఎంత చల్లగా ఉంటే గ్యాసును అంతగా పట్టి ఉంచుకుంటుంది, వెచ్చబడిన కొద్దీ వదిలేస్తుంది. గరిటెతో తిప్పితే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. గ్యాసు పోయాక మిగిలేది పంచదార నీళ్ళే. పైగా ఆ బుడగల్లో ఉండే కొద్దిపాటి పులుపు కూడా వాటితోపాటే పోతుంది కాబట్టి, అదే తీపి నాలుకకు రెట్టింపుగా తెలుస్తుంది.

అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం మాస్కో మ్యూల్‌కు చెప్పిన కొలత 45 మిల్లీలీటర్ల వోడ్కా, 120 మిల్లీలీటర్ల జింజర్ బీర్, 10 మిల్లీలీటర్ల తాజా లైమ్ రసం. నాకు ఈ 10 చాలదు, నేను 15 వేస్తాను. దుకాణాల్లో దొరికే చాలా రకాలు తియ్యగానే ఉంటాయి కాబట్టి మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. చెంచాలతో కొలిచేటట్లయితే ఒక జాగ్రత్త అవసరం: ఆస్ట్రేలియాలో టేబుల్ స్పూన్ అంటే 20 మిల్లీలీటర్లు, అమెరికాలో 15. అమెరికా వంటల వీడియో చూస్తూ ఇక్కడి చెంచాతో కొలిస్తే ఏ పాళ్ళూ కుదరవు.

మీరు నిమ్మరసం అని రాశారు, అది ఏ కాయదో చెప్పలేదు. మన ఊళ్ళో నిమ్మకాయ పండితే పసుపు రంగులోనే ఉంటుంది కాబట్టి, ఇక్కడికి వచ్చిన కొత్తలో మనలో చాలామంది పసుపుపచ్చని పెద్ద లెమన్‌ను చూసి అదే మన నిమ్మకాయ అనుకుంటాం. నిజానికి మన నిమ్మ లైమ్ జాతికి చెందినది. ఇక్కడ ఆకుపచ్చగా దొరికే లైమ్ మన కాయంత ఘాటుగా ఉండకపోయినా, ఈ పానీయానికి కావలసిన వాసన దానిలోనే ఉంది. రసాన్ని గ్లాసు కలిపే ముందే పిండండి, పొద్దున పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసంలో ఆ వాసన ఉండదు.

ఇక కలిపే వరుస. జింజర్ బీర్ సీసాలు ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో ఉండాలి. ఐసు ముక్కలు పెద్దవిగా, చేత్తో పట్టుకుంటే వేలికి అతుక్కునేంత పొడిగా ఉండాలి. సంచిలో తడిసి జారుతున్న ఐసు సగం నీళ్ళుగా మారిపోయినట్లే లెక్క. గ్లాసు నిండా ఐసు వేసి, వోడ్కా, లైమ్ రసం పోసి ఒకసారి కలపండి. ఆ తరువాత గ్లాసును కాస్త వంచి, అంచు వెంబడి జింజర్ బీర్ నెమ్మదిగా పోయండి. చెంచాను అడుగుదాకా దించి ఒక్కసారి పైకి లేపితే చాలు, గిరగిరా తిప్పవద్దు. చెవి దగ్గర పెట్టుకుంటే గ్లాసు చిటపటలాడుతూ ఉండాలి. మా క్వీన్స్‌లాండ్‌లో తయారయ్యే బుండబర్గ్ సీసాను మూత తీసే ముందు తలకిందులు చేయమని సీసా మీదే ఉంటుంది, ఎందుకంటే అల్లం పిప్పి అడుగున పేరుకుంటుంది. దానిని కుదపకుండా, ఒక్కసారి మెల్లగా బోర్లించి నిలబెట్టండి.

ఆరుగురికి ఒకేసారి ఇవ్వాలంటే వోడ్కా, లైమ్ రసం మాత్రం ఒక సీసాలో కలిపి ఫ్రిజ్‌లో ఉంచుకొని, అతిథి ముందు జింజర్ బీర్ పోయండి. వచ్చినవాళ్ళు కార్లలో తిరిగి వెళ్ళేవాళ్ళయితే ఈ లెక్క కూడా గుర్తుంచుకోండి. ఇక్కడ ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్. 40 శాతం మద్యం 45 మిల్లీలీటర్లు పోస్తే అది ఒకటిన్నరకు దగ్గరగా వస్తుంది, గ్లాసు ఒక్కటే అయినా లెక్కలో ఒకటి కాదు.

సమాధానం: కళాయి ఇల్లు

రాగి గ్లాసుల సంగతి మాత్రం చెబుతాను. దయచేసి వాటిలో పోయవద్దు. లోపల పూత లేని రాగి పాత్రలో పులుసు కాచకూడదని మన ఇళ్ళలో అందరికీ తెలిసిన మాటే. కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చినప్పుడు మా నాయనమ్మ చారు గిన్నెలన్నీ ముందుగా బయట పెట్టేది. ఇక్కడా కారణం అదే. అమెరికా ఆహార, ఔషధ సంస్థ నమూనా నియమావళి ప్రకారం ఆమ్లత కొలత (pH, ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్లు) 6 కంటే తక్కువ ఉన్న పదార్థాలు రాగికి నేరుగా తగలకూడదు. లైమ్ రసం కొలత 2కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, అంటే చాలా పుల్లనిది. 2017లో అమెరికాలోని అయోవా రాష్ట్రం ప్రత్యేకించి మాస్కో మ్యూల్ కప్పుల గురించే హెచ్చరిక ఇచ్చింది. దుకాణంలో లోపల స్టీలు గాని నికెల్ గాని పూసిన రాగి కప్పులు దొరుకుతాయి. లోపలి వైపు తెల్లగా మెరుస్తుంటే అవే. అమ్మగారి గ్లాసులను మంచినీళ్ళకే ఉంచండి, మామూలు గాజు గ్లాసులో పోసినంత మాత్రాన రుచి తగ్గదు.

అసలు ఆ కప్పు వాడుకలోకి రావడంలో వ్యాపారం పాలే ఎక్కువ. 1940ల మొదట్లో అమెరికాలో వోడ్కా తాగేవాళ్ళు బహు తక్కువ. స్మిర్నాఫ్ హక్కులు కొన్న హ్యూబ్లైన్ సంస్థకు చెందిన జాన్ మార్టిన్, లాస్ ఏంజెలిస్‌లో కాక్ అండ్ బుల్ అనే హోటలు నడుపుతూ సొంత జింజర్ బీర్ అమ్ముకుంటున్న జాక్ మోర్గన్ కలిసి, 1941 ప్రాంతంలో ఈ పానీయాన్ని ప్రచారంలోకి తెచ్చారు. అమ్ముడుపోని రెండు సరుకులు ఒక గ్లాసులో కలిశాయన్న మాట. రాగి కప్పు ఫొటోల్లో గుర్తుండిపోవడం దానికి బాగా కలిసివచ్చింది.

సమాధానం: అల్లం తోట

ఇంట్లో తయారు చేసుకోవడానికి రెండు దారులున్నాయి, మీరు రెండవదానికి తొందరపడవద్దని నా మనవి.

మొదటిది అల్లం పాకం. పావు కిలో లేత అల్లం శుభ్రంగా కడిగి, ముక్కలు చేసి, కొద్దిగా నీళ్ళతో మిక్సీ పట్టి, పలుచని గుడ్డలో వేసి గట్టిగా పిండండి. ఆ రసాన్ని అరగంట కదపకుండా ఉంచితే అడుగున సున్నం లాంటి తెల్లటి పిండి పేరుకుంటుంది. పైన తేటను మాత్రం వంచుకొని, తూచి, అంతే బరువు పంచదార వేసి, పొయ్యి మీద పెట్టకుండా కరిగేదాకా కలపండి. ఉడికిస్తే పచ్చి అల్లంలోని ఘాటు, అంటే జింజెరాల్ అనే పదార్థం, కొంత మెత్తబడి జింజెరోన్‌గా మారుతుంది. అల్లం టీకి అది బాగుంటుంది గాని ఇక్కడ మనకు కావలసింది ఆ పచ్చి ఘాటే. గొంతు ఇంకా మండాలనుకుంటే చిటికెడు శొంఠిపొడి కలపండి. అల్లం ఎండేటప్పుడు పుట్టే షోగాల్ జింజెరాల్ కంటే ఘాటైనది. ఈ పాకం ఒక టేబుల్ స్పూన్, అంటే ఇక్కడి కొలతలో 20 మిల్లీలీటర్లు, దానికి 100 మిల్లీలీటర్ల చల్లటి సోడా కలిపితే మీకు కావలసిన జింజర్ బీర్ వస్తుంది. తీపి ఎంత ఉండాలో నిర్ణయించేది మీరే కావడం దీనిలోని సుఖం.

రెండవది పులియబెట్టే పద్ధతి, అసలైన పాత జింజర్ బీర్ ఇదే. ఇంగ్లండులో 18వ శతాబ్దం నుంచి దీనిని ఇళ్ళలో చేసుకునేవారు. ఇంటి నుంచి ఇంటికి పెరుగు తోడులా చేతులు మారుతూ వచ్చిన ఒక తోడును వాళ్ళు జింజర్ బీర్ మొక్క అని పిలిచేవారు. అది మొక్క కాదని, ఒక ఈస్టూ ఒక బాక్టీరియా కలిసి బతికే గడ్డ అని హ్యారీ మార్షల్ వార్డ్ అనే వృక్షశాస్త్రవేత్త 1892లో వెల్లడించాడు. ఇప్పుడు రెండు లీటర్ల నీటికి 200 గ్రాముల పంచదార, 100 గ్రాముల తురిమిన అల్లం, రెండు లైమ్‌ల రసం, టీస్పూన్‌లో ఎనిమిదవ వంతు పొడి ఈస్టు చాలు. అల్లం, పంచదార నీళ్ళలో మరిగించి, గోరువెచ్చగా చల్లారాక వడకట్టి మిగతావి కలిపి, పైన నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి ప్లాస్టిక్ సోడా సీసాల్లో పోయాలి. ఒకటి రెండు రోజుల్లో సీసా నొక్కితే లొంగకుండా రాయిలా అవుతుంది. అప్పుడు వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోగా తాగేయాలి, ఎందుకంటే చల్లదనంలో పులియడం నెమ్మదిస్తుంది గాని ఆగిపోదు.

గాజు సీసా మాత్రం వద్దు. నేను మొదటిసారి అందమైన గాజు సీసాల్లో నింపి వంటగది గట్టు మీద పెట్టి, ఎండాకాలం అన్న సంగతి మరిచి మూడు రోజులు ఊరికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఒక సీసా పగిలి ఉంది, గాజు పెంకులు పోపుల డబ్బా దాకా వెళ్ళాయి, ఒకటి చెక్క అలమర తలుపులో దిగబడింది. ఆ సమయంలో అక్కడ పిల్లలు నిలబడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

అమ్మగారికి పులియబెట్టినది ఇవ్వకండి, అందులో కొద్దిగానైనా ఆల్కహాల్ తయారవుతుంది. అల్లం పాకం, లైమ్ రసం, సోడా, నాలుగు పుదీనా ఆకులు, చిటికెడు ఉప్పు వేసి ఐసుతో ఇవ్వండి. మన గోళీ సోడా తాగిన తరానికి ఆ రుచి కొత్త కాదు.

సమాధానం: రమ్ము గురించి ఒక మాట

మీరు అడిగిన రమ్ము రకం పేరు డార్క్ ఎన్ స్టార్మీ, అది బెర్ముడా దీవుల పానీయం. గాస్లింగ్స్ బ్లాక్ సీల్ అనే నల్ల రమ్ముతో చేస్తేనే ఆ పేరు పెట్టాలని ఆ కుటుంబ సంస్థ పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకుంది. ఆ రమ్ము సీసాలకు ఒకప్పుడు వేసిన నల్ల లక్క ముద్ర నుంచే బ్లాక్ సీల్ అనే మాట వచ్చింది. మీ ఇంట్లో ఓల్డ్ మాంక్ పోస్తే అడిగేవారెవరూ లేరు, పేరు మాత్రం వేరే పెట్టుకోండి. ఓల్డ్ మాంక్‌లో వెనిలా వాసన, తీపి ముందుకు వస్తాయి కాబట్టి దానికి మీ దుకాణంలో దొరికే వాటిలో అన్నిటికంటే ఘాటైన, తీపి తక్కువైన జింజర్ బీర్ కావాలి. కొలత 60 మిల్లీలీటర్ల రమ్ము, 100 మిల్లీలీటర్ల జింజర్ బీర్. ఐసు మీద జింజర్ బీర్ ముందు పోసి, ఒక చెంచాను వీపు పైకి వచ్చేలా గ్లాసు అంచుకు ఆనించి, దాని మీదుగా రమ్ము సన్నటి ధారగా వదలండి. నల్లటి మబ్బు పైన నిలిచి, దారాలు దారాలుగా కిందికి జారుతుంటే చూడడానికే ముచ్చటగా ఉంటుంది. మూల కొలతలో లైమ్ రసం లేదు, అంచుకు ఒక ముక్క పెడతారంతే. ఓల్డ్ మాంక్‌తో అయితే నేను ఆ ముక్కను లోపలికి పిండేస్తాను.

టెకీలా తాగే మిత్రులుంటే ఎల్ డయాబ్లో ప్రయత్నించండి. టెకీలా, లైమ్ రసం, కొద్దిగా కసీస్ అనే నల్ల ద్రాక్ష వంటి పండు లిక్కర్, పైన జింజర్ బీర్. అందులో తీపి లిక్కర్ కూడా ఉంది కాబట్టి బ్రిస్బేన్ వారు చెప్పిన 15 మిల్లీలీటర్ల లైమ్ రసం అక్కడ తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు: యర్రా ఒడ్డు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఈ ఆదివారం ముగ్గురమే కూర్చొని మళ్ళీ చేశాం. అల్లం పాకం పద్ధతినే ఎంచుకున్నాను. తెల్లటి పిండి నిజంగానే గిన్నె అడుగున వేలు మందాన పేరుకుంది, అది ఇన్నాళ్ళూ నా గ్లాసుల్లోకి పోతోందని నాకు తెలియదు. మాస్కో మ్యూల్ కడదాకా చిటపటలాడింది. ఓల్డ్ మాంక్ గ్లాసులో మబ్బు మొదటిసారి కుదరలేదు, ధార లావైంది. రెండవసారి చెంచాను గ్లాసు గోడకు ఇంకా దగ్గరగా పట్టుకుంటే నిలిచింది.

అమ్మకు పాకం, సోడా, లైమ్ రసం, పుదీనాతో కలిపి ఇచ్చాను. ఒక గుక్క తాగి, శొంఠి తక్కువైందని చెప్పి, తానే లేచి వెళ్ళి డబ్బా తెచ్చి చిటికెడు వేసుకుంది. ఆ తరువాత మా గ్లాసుల్లోనూ వేసింది. సీసాలో మిగిలిన పాకం ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు ఘాటు తగ్గకుండా ఉంటుందో అల్లం తోట వారు చెబితే, వచ్చే శనివారానికి ముందే చేసి పెట్టుకుంటాను.

సమాధానం: అల్లం తోట

మూత గట్టిగా పెట్టిన శుభ్రమైన సీసాలో వారం వరకు నేను వాడతాను, కాని మూడు రోజులు దాటాక పచ్చి అల్లం వాసన తగ్గడం నాకు తెలుస్తుంది. శనివారానికైతే గురువారం రాత్రి చేయండి. అమ్మగారి శొంఠి మాత్రం గ్లాసు కలిపేటప్పుడే వేయండి, ముందే పాకంలో వేసి ఉంచితే అడుగున పేరుకొని చివరి గ్లాసు తాగేవారికే మొత్తం తగులుతుంది.