పాత స్లాబు మీద బరువు పెంచాలి: కార్బన్ పట్టీలా, గడ్డరా?

పుస్తకాలగది: నమస్తే. పై అంతస్తు గదిలో గోడల పొడవునా పుస్తకాల బీరువాలు పెట్టాలనుకుంటున్నాం. స్లాబు మందం 120 మి.మీ., గోడ నుంచి గోడకి 4 మీటర్లు, మధ్యలో బీమ్ లేదు, నడిస్తే కాస్త ఊగుతుంది. ఒకాయన అడుగున కార్బన్ ఫైబర్ పట్టీలు అంటిస్తే చాలన్నాడు, ఇంకొకాయన మధ్యలో ఐ గడ్డర్ (ఐ ఆకారపు ఇనుప దూలం) వెయ్యమన్నాడు. ఏం చెయ్యమంటారు?

సెంట్రింగ్‌బాబాయ్: గడ్డరే. 4 మీటర్లు కాస్తా రెండు 2 మీటర్లవుతుంది, కొత్తగా పెట్టే బరువుకి స్లాబు పడే బెండింగ్ నాలుగో వంతుకి దిగుతుంది. గడ్డర్‌కీ స్లాబుకీ మధ్య సందు లేకుండా గ్రౌట్ (జారుగా కలిపిన సిమెంట్ ముద్ద) నింపాలి, అంతే. జిగురుతో అతికించిన రిబ్బన్ని నమ్మి నేనైతే బీరువా పెట్టను.

లెక్కలమనిషి: రిబ్బన్ అంటే ఎలా అండీ? లాగుడుకి అది మామూలు చువ్వ కన్నా ఐదు రెట్లు గట్టిది. స్విట్జర్లాండ్‌లో 1991లోనే ఒక వంతెనకి వేశారు. మీ గడ్డర్ సంగతి చెప్పండి, స్లాబు మధ్యలో చువ్వలన్నీ అడుగునే కదా ఉంటాయి, అక్కడ ఆధారం పెడితే లాగుడు పైవైపుకి మారుతుంది, పైన చువ్వే లేదు. బీట పడదా?

సెంట్రింగ్‌బాబాయ్: పడుతుంది, పడనివ్వండి. అప్పుడది రెండు చిన్న స్లాబుల్లా పనిచేస్తుంది, అడుగు చువ్వ ఎలాగూ ఉంది. మరి నిప్పంటుకుంటే మీ జిగురు ఏమవుతుంది?

దారినపోయే: పైన ఇంకో 50 మి.మీ. కాంక్రీట్ పోసేస్తే పోలా?

లెక్కలమనిషి: పోయొచ్చు. పాతదాన్ని గరుకుగా చెక్కి, రెండూ ఒకటయ్యేలా పోస్తే గట్టిదనం దాదాపు 2.8 రెట్లవుతుంది, ఊగడం తగ్గడానికి పట్టీల కన్నా ఇదే మేలు. కానీ బీరువాలు రాకముందే చదరపు మీటరుకి 125 కిలోలు అదనం. ఇక నిప్పు అంటారా, పట్టీని అంటించే మామూలు ఎపాక్సీ జిగురు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, అందుకే మంటల్లో పట్టీ లేనట్టే లెక్క వేస్తాం.

సెంట్రింగ్‌బాబాయ్: లేనట్టే లెక్కయితే అంటించడం దేనికి సార్?

లెక్కలమనిషి: మామూలు రోజుల్లో ఒకటిన్నర రెట్ల భద్రత కావాలి, మంటల రోజు కూలకుండా నిలబడితే చాలు. రెండూ వేరు.

సెంట్రింగ్‌బాబాయ్: అది అడుగున పడుకునేవాళ్లకి చెప్పండి.

దారినపోయే: మళ్ళీ నిప్పేనా, ఆయన అడిగింది బీరువాల గురించి 😀

లెక్కలమనిషి: బాబాయ్, లెక్క రానివాళ్లతో ఇదే గొడవ. మీకు పట్టీలంటే ఎందుకంత మంట?

సెంట్రింగ్‌బాబాయ్: చెప్తా వినండి. ఒక పనిలో డ్రాయింగ్ మెయిల్లో వచ్చింది, గీసినాయన సైటు మొహం చూడలేదు. సుత్తితో కొడితే స్లాబు అడుగు డొల్లగా మోగుతోంది, లోపల చువ్వ తుప్పు పట్టింది, ఫోన్ చేసి చెప్పాను. "డ్రాయింగ్ ప్రకారం చెయ్యండి" అన్నాడు. చేశాను. కొన్ని నెలలకి పట్టీ ఊడింది, జిగురు బాగానే ఉంది, దానికి అంటుకునే కాంక్రీట్ పెచ్చు కూడా వచ్చేసింది. డబ్బులు ఆగింది నాకు. సంతకం పెట్టిన ఆయనకి ఏమీ కాలేదు. మీకు లెక్క వచ్చు, నా చెవి మాత్రం పనికిరాదు, అంతేగా?

లెక్కలమనిషి: ఊడింది పట్టీ తప్పు కాదు మరి. తుప్పు ఉబ్బుతుంటే దాని మీద ఏది అంటించినా ఊడుతుంది. ముందు పుల్ ఆఫ్ టెస్ట్ (కాంక్రీట్‌కి బిళ్ళ అంటించి, ఊడేదాకా లాగి పట్టు కొలిచే పరీక్ష) చెయ్యాలి, కాంక్రీట్ కనీసం 1.4 మెగాపాస్కల్ దగ్గరైనా పట్టు నిలవాలి. ఆయన చేయించకపోవడం తప్పే. కానీ చెవిని నమ్మి నేను సంతకం పెట్టలేను, నాకు అంకె కావాలి.

సెంట్రింగ్‌బాబాయ్: అంకె ఎక్కడ తీయాలో చెప్పేది ఆ చెవే సార్. బాగున్న చోట టెస్ట్ చేసి పాస్ అన్నవాళ్లనీ చూశాను.

లెక్కలమనిషి: ...అది ఒప్పుకుంటాను. అయినా గడ్డర్ వేస్తే మాత్రం తుప్పు ఆగుతుందా?

సెంట్రింగ్‌బాబాయ్: ఆగుతుందని నేనెక్కడన్నాను?

పుస్తకాలగది: ఒక్క మాట. పోయినేడు ఒక మూల పెచ్చు ఊడితే సిమెంట్ పూసి రంగు వేయించాం, చువ్వ కాస్త ఎర్రగా కనిపించింది. అది ముందే చెప్పాల్సిందా?

లెక్కలమనిషి: అయ్యో, మొదటి లైన్లోనే చెప్పాలండీ అది!! పట్టీ, గడ్డర్ రెండూ పక్కన పెట్టి ముందు ఆ మూల తెరిపించండి. చువ్వ ఎంత అరిగిందో కొలవాలి.

సెంట్రింగ్‌బాబాయ్: ఆ మూల ఒక్కటే కాదు, అడుగంతా సుత్తితో కొట్టించండి. బీరువాలు ఇంకా తేలేదు కదా?

పుస్తకాలగది: రెండు వచ్చాయి.