ఆరు నెలలు కారు సెల్లార్‌లోనే: వారానికోసారి స్టార్ట్ చేయించాలా, బ్యాటరీ వైరు తీసేసి వెళ్ళాలా?

లెక్కల మాస్టారు (విజయవాడ)
అందరికీ నమస్కారం. జూన్ మొదటి వారంలో నేనూ మా ఆవిడా డల్లాస్ వెళ్తున్నాం. అమ్మాయికి పురుడు పోయాలి. మళ్ళీ వచ్చేది డిసెంబర్ మొదట్లోనే. కారు పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేరు, 2019 మోడల్. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా స్థలంలోనే ఉంటుంది.

మా బావమరిదేమో "తాళం వాచ్‌మన్‌కి ఇచ్చెళ్ళండి బావగారూ, ఆదివారం ఆదివారం పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతాడు" అంటాడు. మెకానిక్ ఏమో "బ్యాటరీ వైరు తీసేసి హాయిగా వెళ్ళండి సార్" అంటాడు. ఇద్దరికీ బండ్లతో ఇరవై ఏళ్ళ సావాసం. వాచ్‌మన్‌కి డ్రైవింగ్ రాదు, తాళం తిప్పడం మాత్రం వచ్చు. ఎవరి మాట వినమంటారు?

పాత పద్మిని (రాజమండ్రి)
మాస్టారూ, మీ బావమరిది మాటే వినండి. మా నాన్నగారి అంబాసిడర్, ఆ తర్వాత నా పద్మిని, రెండూ అలాగే బతికాయి. కదలకుండా పడి ఉంటే ఆయిలంతా కిందికి దిగిపోతుంది, రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి. ఏసీ కంప్రెసర్ కూడా అప్పుడప్పుడూ తిరగాలి. మంచాన పడ్డ మనిషికి కాళ్ళు పట్టేయవూ? బండీ అంతే. వారానికి పది నిమిషాలు ఎవరికైనా భారమా?

పది నంబర్ పానా (హైదరాబాద్)
పెద్దాయన చెప్పింది అంబాసిడర్‌కి వంద శాతం కరెక్ట్. ఆ బండిలో కంప్యూటర్ లేదు, సెంట్రల్ లాక్ లేదు, అలారం లేదు. ఆపేస్తే బ్యాటరీ నుంచి లాగేదేమీ ఉండదు. కార్బురేటర్లో పెట్రోల్ ఆవిరైపోతుంది కాబట్టి అప్పుడప్పుడూ స్టార్ట్ చేయడంలో అర్థం ఉంది.

2019 బండి వేరు. తాళం తీసి జేబులో వేసుకున్నా లోపల కరెంటు పోతూనే ఉంటుంది. మంచి కండిషన్‌లో ఉన్న బండి కూడా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. 30 అనుకోండి. రోజుకి 0.72, వారానికి దగ్గర దగ్గర 5 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో చార్జిని కొలిచే లెక్క). మీ బండిలో బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లదే అయ్యుంటుంది. అంటే ఏడు వారాల్లో ఖాళీ. ఇంజిన్ తిప్పలేని స్థితికి అంతకంటే చాలా ముందే వస్తుంది.

ఇప్పుడు వాచ్‌మన్ పది నిమిషాలు. ఐడ్లింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడిచేటప్పుడు, 10 ఆంపియర్ల చొప్పున లోపలికి వెళ్ళిందనుకున్నా వచ్చేది ఒకటిన్నర ఆంపియర్ అవర్లు. పోయింది అయిదు, వచ్చింది ఒకటిన్నర. ఇక అతను ఫ్యానూ పాటలూ పెట్టుకున్నాడంటే అదీ రాదు.

ఇంజిన్‌కి కూడా మేలు లేదు. పెట్రోల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. 20 కిలోమీటర్లు తోలితే ఆయిల్ బాగా వేడెక్కి ఆ తేమ పోతుంది. పది నిమిషాలు నిలబెట్టి నడిపితే సైలెన్సర్లో, ఆయిల్లో అలాగే నిలిచిపోతుంది. వారం వారం అదే పని చేస్తే తుప్పుని మనమే పిలిచి కూర్చోబెట్టినట్టు. తోలితే తోలండి, లేకపోతే ముట్టుకోకండి.

లెక్కల మాస్టారు
లెక్క సరిచూశాను, తప్పు లేదు. నలభై ఏళ్ళు పిల్లల చేత ఇన్ని నీళ్ళు వస్తాయి, అన్ని నీళ్ళు పోతాయి, తొట్టి ఎప్పుడు నిండుతుంది అనే లెక్కలు చేయించాను. ఈ తొట్టి నిండదు.

పాత పద్మిని
కాగితం మీద లెక్క బాగానే ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో మా వీధిలో ఎన్ని బండ్ల బ్యాటరీలు పోయాయో నాకు తెలుసు. నేను వారానికి రెండుసార్లు అరగంట చొప్పున స్టార్ట్ చేశాను, నాది పోలేదు. దానికేమంటారు?

పది నంబర్ పానా
వారానికి రెండు అరగంటలంటే గంట అండీ, పది నిమిషాలు కాదు. పైగా మీరు పక్కనే ఉన్నారు, మీటర్లు చూశారు, శబ్దం తేడాగా ఉంటే ఆపేసేవారు. మాస్టారు డల్లాస్‌లో ఉంటారు.

బిఎస్6 డీజిల్ (కరీంనగర్)
ఒక్క మాట చెప్పి పోతా. డీజిల్ బండి ఉన్నోళ్ళు ఈ ఐడ్లింగ్ జోలికి అసలు పోకండన్నా. సైలెన్సర్లో డీపీఎఫ్ అని మసిని పట్టే ఫిల్టర్ ఉంటది. అది శుభ్రం కావాలంటే బండి హైవే మీద వేడిగా నడవాలె. నిలబెట్టి నడిపిస్తే మసి పేరుకుపోయి లైట్ వెలుగుతది. మా తమ్ముడు ఊర్లో లేనప్పుడు మేము ప్రేమతో చేసిన పని అదే. షోరూం బిల్లు చూసి వాడు రెండు రోజులు మాట్లాడలే.

సింగ్‌నగర్ వాసి (విజయవాడ)
మాస్టారూ, మీరు జూన్ నుంచి డిసెంబర్ అన్నారు. అంటే వానాకాలం మొత్తం. బ్యాటరీ గురించి ఇంత చర్చ జరుగుతోంది గానీ సెల్లార్ గురించి ఒక్కరూ అడగలేదు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా పేటల మీద పడ్డ రోజు మర్చిపోయారా? మా అపార్ట్‌మెంట్‌లో తాళాలు చేతిలో ఉన్నవాళ్ళు కూడా సగం మందే బండ్లు బయటికి తీయగలిగారు. మా పై ఫ్లాటాయన అప్పుడు బెంగళూరులో కొడుకు దగ్గర ఉన్నాడు. తాళం ఆయన సూట్‌కేసులో ఉంది. ఫోన్లో మాకు ఏడుపొక్కటే వినిపించింది.

అందుకే నా మాట ఇది. వైరు తీయండి, తీయకండి, మీ ఇష్టం. తాళం మాత్రం డ్రైవింగ్ వచ్చి, లైసెన్స్ ఉండి, పావుగంటలో రాగలిగే మనిషి దగ్గర ఉండాలి. కుదిరితే ఈ ఆరు నెలలకి బండిని సెల్లార్‌లో కాకుండా మిట్టగా ఉన్న చోట పెట్టండి. ఇంకో సంగతి. మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదు, నీళ్ళు సిలిండర్లలోకి పోతే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. "ఆదివారం వచ్చింది కదా" అని మీ వాచ్‌మన్ తాళం తిప్పాడంటే ఇన్సూరెన్స్ వాళ్ళతో కూడా గొడవే.

లెక్కల మాస్టారు
నిజమే, నాకు తట్టలేదు. మా బావమరిది కొడుకు గాంధీనగర్‌లోనే ఉంటాడు, లైసెన్స్ ఉంది. ఇంజనీరింగ్ మూడో ఏడు. బండి ఇస్తానంటే ఎగిరి గంతేస్తాడు, నా భయమంతా అదే.

ఉప్పుగాలి (విశాఖ)
నాది వేరే గోడు. సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉంటాం. నాలుగు నెలలు ఊళ్ళో లేకుండా పోయాను. పోతూ పోతూ జాగ్రత్త అనుకుని హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, పైన ప్లాస్టిక్ కవర్ బిగించి వెళ్ళాను. చేసిన రెండు పనులూ తప్పే. వెనక చక్రాల డ్రమ్ములకి బ్రేక్ షూలు అతుక్కుపోయాయి, మెకానిక్ సుత్తితో కొట్టి కొట్టి ఊడదీశాడు. కవర్ కింద చెమ్మ పట్టి సీటు బెల్టుల మీద కూడా బూజు. కవర్ వేస్తే గాలాడే గుడ్డది వేయండి. అదీ బండి కడిగి పూర్తిగా ఆరాక.

హ్యాండ్ బ్రేక్ వేయకండి. మొదటి గేరులో పెట్టి, చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. కానీ ఒకటి గమనించండి. గేరులో ఉన్న బండి తాళాన్ని డ్రైవింగ్ రాని మనిషి క్లచ్ తొక్కకుండా తిప్పితే బండి ఎగిరి ఎదుటి స్తంభాన్ని గుద్దుతుంది. కాబట్టి మెకానిక్ సలహా సగం, బావమరిది సలహా సగం కలపకండి. ఏదో ఒకటే.

టైర్లలో గాలి మామూలు కంటే నాలుగైదు పాయింట్లు ఎక్కువ కొట్టించండి. టైరు పక్కన రాసి ఉన్న పరిమితి మాత్రం దాటకూడదు. ఒకే చోట నిలబడితే టైరు అడుగు చదును పడుతుంది. తోలడం మొదలెట్టాక చాలావరకు సర్దుకుంటుంది గానీ పాత టైర్లయితే గ్యారంటీ లేదు.

డల్లాస్ అల్లుడు
ఇక్కడ చాలామంది గ్యారేజీలో చిన్న ఆటోమేటిక్ చార్జర్ తగిలించి వదిలేస్తారు. అది నిండితే ఆగుతుంది, దిగితే మళ్ళీ ఎక్కిస్తుంది. మాస్టారి సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ ఉంటే ఈ గొడవే లేదు.

లెక్కల మాస్టారు
అసోసియేషన్ వాళ్ళని అడిగాను. కామన్ మీటర్ అట. ఒకరికిస్తే అందరూ అడుగుతారట.

పెట్రోల్ బంకు (గుంటూరు)
ట్యాంకు సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఇప్పుడు వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ తేమని పీలుస్తుంది. తేమ ఎక్కువైతే నీళ్ళతో కలిసి అడుగున వేరే పొరగా దిగుతుంది. కాబట్టి ట్యాంకు దాదాపు నింపి వెళ్ళండి. ఖాళీ జాగా తక్కువుంటే లోపల తేమ గాలీ తక్కువే.

పాత పద్మిని
నింపకండి. ఆరు నెలల పాత పెట్రోల్‌తో నిండిన ట్యాంకు కంటే పావు ట్యాంకు నయం. వచ్చాక కొత్త పెట్రోల్ పోస్తే కలిసిపోతుంది.

పది నంబర్ పానా
ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి ట్యాంకు గట్టిగా మూసి ఉంటుంది, ఆరు నెలలకి ఏమీ కాదు. నేనైతే నింపుతాను. దీని మీద కొట్టుకోవడం అనవసరం. ఎలుకల గురించి ఆలోచించండి. బ్యాటరీ మార్చడం పది నిమిషాల పని. వైరింగ్ కొరికితే ఎక్కడ కొరికిందో వెతకడానికే రెండు రోజులు పడుతుంది.

సింగ్‌నగర్ వాసి
బానెట్ కింద పొగాకు కాడలు పెట్టమంటారు కదా?

ఒంగోలు గిత్త
మా ఊరి ఎలుకలకి పొగాకు కొత్తా ఏమిటి?

పది నంబర్ పానా
పొగాకు వాసన రెండు మూడు వారాలు ఉంటుంది, ఆ తర్వాత ఆకే. నాఫ్తలీన్ ఉండలు బండి లోపల వేయకండి, ఏసీ వేసినప్పుడల్లా నెలల తరబడి కంపు కొడుతుంది. బిస్కెట్ ముక్క కూడా మిగలకుండా లోపల తుడవండి. సెల్లార్‌లో చెత్త డబ్బా పక్కన బండి పెట్టకండి. సన్నటి జాలీ కొట్టించగలిగితే కొట్టించండి.

లెక్కల మాస్టారు
నా నిర్ణయం ఇది. వెళ్ళే ముందు ఆయిల్ మార్పిస్తాను. నెగటివ్ వైరు తీసేస్తాను. తాళం మేనల్లుడికి. నెలకోసారి వచ్చి, వైరు తగిలించి, గన్నవరం దాకా తోలి, తిరిగొచ్చి మళ్ళీ తీసేయాలి. భారీ వానలని చెబితే అడగకుండానే వచ్చి బండిని మిట్ట మీదికి చేర్చాలి. ఇన్సూరెన్స్ పాలసీ సెప్టెంబర్‌లో అయిపోతుంది, డల్లాస్ నుంచే ఆన్‌లైన్‌లో కడతాను. కట్టకుండా 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందని ఏజెంట్ చెప్పాడు.

లెక్కల మాస్టారు (డిసెంబర్)
వచ్చేశాం. మనవరాలు పుట్టింది. బండి రెండోసారికి స్టార్ట్ అయింది. మేనల్లుడు జూన్‌లో, జులైలో, ఆగస్టులో వచ్చాడు. ఆ తర్వాత పరీక్షలని రాలేదు, వైరు మాత్రం తీసేసి ఉంచాడు. మెకానిక్ మీటర్ పెట్టి చూస్తే 12.4 వోల్టులు, బ్యాటరీ బాగానే నిలిచింది. టైర్లలో గాలి కొంచెం దిగింది. వెనక బ్రేకులు ఒక్క గజం కిర్రుమని వదిలాయి.

ఏసీ వేస్తే మాత్రం ముక్కు పగిలే వాసన. గ్లోవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ మీద ఎలుక గూడు పెట్టింది. దాన్ని దేనితో కట్టుకుందో చెబితే నమ్మరు, నేను పెట్టిన పొగాకు కాడలతో.

పాత పద్మిని
మనవరాలికి ఆశీస్సులు. వారం వారం స్టార్ట్ చేసి ఉంటే ఆ ఎలుక గూడు పెట్టేదా అని మాత్రం అడుగుతున్నాను.

పది నంబర్ పానా
పెట్టేది. వారానికి పది నిమిషాలు వెచ్చగా కూడా ఉండేది దానికి. మాస్టారూ, ఫిల్టర్ కొత్తది వేయించి, బ్లోవర్ విప్పించి శుభ్రం చేయించండి. ఇంకోసారి వెళ్ళేటప్పుడు ఇంజిన్ ఆపే ముందు ఏసీని లోపలి గాలే తిరిగే మోడ్‌లో పెట్టండి. చాలా బండ్లలో బయటి గాలి దారికి ఉన్న తలుపు మూసుకుంటుంది.

లెక్కల మాస్టారు
ఇంకోసారి ఏప్రిల్‌లోనే. పెద్దవాడు సిడ్నీ రమ్మంటున్నాడు.