ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చాక నిద్ర పట్టట్లేదు.. అందరికీ ఇలాగే ఉంటుందా?

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం అండి. ఎవరితో చెప్పుకోవాలో తెలీక ఇక్కడ రాస్తున్నా, కొంచెం పెద్దదైతే ఏమనుకోకండి. బాచుపల్లి సైడు ఒక టూ బీహెచ్‌కే చూశాం, 1150 ఎస్‌ఎఫ్‌టీ, ఇంకా కడుతున్నారు. 68 లక్షలకి మాట్లాడుకుని పోయిన నెల 2 లక్షలు అడ్వాన్స్ ఇచ్చేశాం. ఆ రోజు ఇద్దరం స్వీట్లు కొనుక్కుని మరీ ఇంటికొచ్చాం. ఆ రాత్రి నుంచే మొదలైంది. రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేస్తుంది, ఫోన్ తీసి ఈఎంఐ కాలిక్యులేటర్ ఓపెన్ చేస్తా, 52 లక్షల లోను, ఎనిమిదిన్నర శాతం, 20 ఏళ్లు, నెలకి 45 వేల పైన చూపిస్తుంది, మళ్ళీ 25 ఏళ్లు పెట్టి చూస్తా, మళ్ళీ 15 పెట్టి చూస్తా, అంకె మారుతుంది గానీ గుండె దడ తగ్గదు.

ఇద్దరికీ కలిపి చేతికొచ్చేది లక్షా పాతిక వేలు. ఇప్పుడుంటున్న ఇంటి అద్దె 18 వేలు, ఫ్లాట్ చేతికొచ్చేదాకా అద్దె, లోను వడ్డీ రెండూ కట్టాలి. నాన్న కొవ్వూరు దగ్గర 30 సెంట్లు అమ్మి 10 లక్షలు పంపారు. అమ్మిన రోజు ఫోన్ చేసి "పొలం పోలేదురా, ఇల్లయిందంతే" అన్నారు. ఆ మాట గుర్తొస్తే అన్నం దిగట్లేదు. పైగా ఆ అపార్ట్‌మెంట్ వెనకాల ఒక కుంట ఉంది, 2024లో చెరువుల ఆక్రమణలని హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ కూల్చడం టీవీలో చూశాం కదా, అది కూడా కళ్ల ముందే తిరుగుతోంది.

అసలు విషయం ఇంకా చెప్పలేదు. మొన్న బిల్డర్ వాళ్లు కాస్ట్ షీట్ చేతిలో పెట్టారు. జీఎస్టీ 5 శాతం, పార్కింగ్, క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ నిర్వహణకి ముందే కట్టించుకునే డబ్బు), రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం, అన్నీ కలిపితే 80 లక్షలు దాటుతోంది. ఆ కాగితం మా ఆవిడకి చూపించలేదు. పది రోజుల నుంచి ఆఫీస్ బ్యాగులో నాలుగు మడతలు పెట్టుకుని తిరుగుతున్నా. ఇల్లు కొనే ముందు అందరికీ ఇలాగే ఉంటుందా, లేక నాకే ఏమన్నా అయిందా?

వసంత_కేపీహెచ్‌బీ:
తమ్ముడూ, నీకేం కాలేదు. మేం 2022లో కొన్నాం, నాకూ అచ్చం ఇదే. నాకైతే ఒకరోజు ఆఫీసులో ఎడమ చెయ్యి లాగేసి ఛాతీ పట్టేసినట్టయి, గుండెపోటే అనుకుని హాస్పిటల్‌కి పరుగెత్తాం. ఈసీజీ తీశారు, అన్నీ నార్మల్ అన్నారు. ఆ డాక్టర్ గారే కూర్చోబెట్టి "ఇంట్లో ఏం జరుగుతోందమ్మా" అని అడిగితే ఏడుపు ఆగలేదు. సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు, వెళ్లాను, నాలుగైదు నెలలు కౌన్సెలింగ్ తీసుకున్నాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. నువ్వు కూడా రెండు మూడు వారాలు ఇలాగే నిద్ర లేకుండా, తిండి లేకుండా గడిస్తే ఆగకు. 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అని గవర్నమెంట్ వాళ్లది, డబ్బులేం అక్కర్లేదు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం టెన్షనేలే అని నువ్వే తేల్చేసుకోకు, ముందు డాక్టర్‌కి చూపించు.

ఇంకొకటి, ఆ కాగితం ఇవాళే మీ ఆవిడకి చూపించు. మా ఇంట్లో మా ఆయన పర్సనల్ లోను సంగతి దాచారు, నన్ను టెన్షన్ పెట్టకూడదని. నాకు తెలిసిన రోజు డబ్బుల గురించి కాదు నేను బాధపడింది, మూడు నెలలు ఆయన ఒక్కరే మోశారే అని. ఆ తర్వాత ఒక రూల్ పెట్టుకున్నాం, రాత్రి తొమ్మిది దాటాక ఇంటి మాట ఎత్తకూడదు, ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక ఒక నోట్‌బుక్ తీసి ఇద్దరం కలిసి లెక్కలు రాయాలి. రాత్రిపూట ఏదన్నా గుర్తొస్తే ఆ బుక్కులో ఒక ముక్క రాసేసి పడుకునేదాన్ని, ఆదివారం చూద్దాంలే అని.

దస్తావేజు_అన్న:
అన్నా, నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీస్ కాడ డాక్యుమెంట్లు రాస్త, 14 ఏండ్లయింది. వేలిముద్ర పెట్టేటప్పుడు చెయ్యి వణకనోళ్లను చానా తక్కువ మందిని చూసిన, కోటి రూపాయల ఫ్లాట్ కొన్నోళ్లు గూడ అంతే. భయం తప్పు కాదు, కానీ ఆ భయాన్ని రాత్రి ఫోన్ల పెట్టుకుంటే ఏమొస్తది, పొద్దుగాల ఆఫీసుల చుట్టు తిప్పు.

కుంట సంగతి ఊకె ఆలోచించకు, తేల్చుకో. హెచ్‌ఎండీఏ వాళ్ల చెరువుల సైట్‌ల ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు ఎందాక వస్తయో ఆ హద్దు మ్యాపులుంటయి, నీ సర్వే నంబర్ పట్టుకొని చూడు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు బఫర్, అంటే ఇండ్లు కట్టకూడని జాగ, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. అర్థం కాకుంటే ఇరిగేషన్ ఆఫీసుకు పోయి అడుగు. బిల్డర్ల మీద నిఘా పెట్టే తెలంగాణ రెరా సైట్‌ల ప్రాజెక్ట్ నంబర్ కొట్టి పర్మిషన్ ప్లాను, ఎప్పటికల్ల ఇస్తమన్నరో ఆ తారీఖు చూస్కో. అగ్రిమెంట్ రిజిస్టర్ చెయ్యకుండ 10 శాతం కంటే ఎక్కువ తీసుకోవద్దని 2016 రెరా చట్టంలనే ఉన్నది, అంటే నీ ఫ్లాట్‌కు 6 లక్షల 80 వేలు. అంతకు మించి ఇమ్మంటే ఇయ్యకు, ముందుగాల అగ్రిమెంట్ అను. టైముకు ఇల్లు ఇయ్యకుంటే పైసలు మిత్తితోని వాపస్ అడిగే హక్కు గూడ నీకున్నది.

బ్యాంకోళ్లు లీగల్ చూసిన్రు కదా అని ఊకోకు, వాళ్లు చూసుకునేది వాళ్ల లోను కోసం. నీ తరఫున ఒక వకీలుకు లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), ఈసీ (ఆ జాగ మీద అమ్మకాలు, తాకట్లు చూపెట్టే కాగితం) ఇచ్చి రాతపూర్వకంగ ఒపీనియన్ తీస్కో. లోనుతోటి ఇన్సూరెన్స్ గూడ తప్పకుండ తీస్కోవాలె అంటరు, తప్పనిసరేం కాదు. విడిగ టర్మ్ పాలసీ తీస్కుంటే నీకేమన్నయితే ఇంట్లోళ్ల గతేంది అన్న రంది కొంచెం దిగుతది.

బెజవాడ_రాధ:
నాది వేరే అనుభవం అండి, చెప్పాలనిపించింది. మేం ప్రీ లాంచ్ అని, అంటే రెరా నంబర్ రాకముందే, 3 లక్షలు కట్టాం. రెరా నంబర్ ఈ వారం వచ్చేస్తుంది, వచ్చే వారం వచ్చేస్తుంది అని రెండు నెలలు తిప్పారు. నాకు రోజూ కడుపులో తిప్పినట్టుండేది, మా అత్తగారు కొత్తింటికి దిష్టి తగిలిందేమో అనేవారు. ఒకరోజు కూర్చుని ఆలోచిస్తే దిష్టి కాదు, నంబర్ లేకుండా డబ్బు కట్టామన్న భయం అని తెలిసింది, ఆ భయంలో తప్పేం లేదు. వద్దనుకున్నాం. 50 వేలు కోసుకుని మిగతాది ఏడు నెలలు తిరిగితే ఇచ్చారు. అప్పటికే చుట్టాలందరికీ గృహప్రవేశం అని చెప్పేశాం, ఫోన్ మోగితే ఎవరేమడుగుతారో అని ఎత్తబుద్ధయ్యేది కాదు. అయినా వద్దని చెప్పిన రోజు రాత్రి తెల్లారేదాకా లేవకుండా పడుకున్నాను. కాగితాలన్నీ చూశాక కూడా మనసు ఒప్పకపోతే వెనక్కి రావచ్చండి, నాన్నగారు పొలం అమ్మారు కదా అని మాత్రం ముందుకెళ్లకండి. మీరు ఇలా నలిగిపోవాలని ఆయన అమ్మలేదు కదా.

గోదారి_గట్టు:
అందరికీ చాలా థాంక్స్ అండి, వసంత అక్కా మీకు ముఖ్యంగా. నిన్న రాత్రి అన్నాలయ్యాక కాగితం తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి, లైటు కింద పెట్టుకుని చదివింది. కోప్పడుతుందనుకున్నా. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "క్లబ్‌హౌస్ డబ్బులు ఇప్పుడే కట్టాలా, ఇల్లు ఇచ్చేటప్పుడా?" అని అడిగింది. పది రోజులు బ్యాగులో పెట్టుకుని తిరిగాను గానీ ఆ మాట అడగాలని నాకు తట్టలేదు. శనివారం ఇద్దరం సైట్ ఆఫీస్‌కి వెళ్తున్నాం, ఈలోపు కుంట మ్యాప్ చూడమని తనే సర్వే నంబర్ రాసిచ్చింది. నాన్నకి కూడా ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పేశాను. ఒక్క నిమిషం ఆగి, శనివారం తనూ వస్తానన్నారు, రాత్రి బస్సుకి టికెట్ తీశాను.