ఆయాగా చేస్తూ ఇంటర్ పాసయ్యాను, టీచర్ పోస్టుకు దారి ఉందా?

మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా ఊరి అంగన్‌వాడీలో ఏడో తరగతి అర్హతతో ఆయాగా చేరాను. చేరిన తర్వాత ఓపెన్ స్కూల్లో టెన్త్, ఇంటర్ కట్టి పాసయ్యాను. నాకు నెలకు 7,000, టీచరమ్మకు 11,500. ఇవి 2019లో పెంచిన లెక్కలు. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేశాం, నేనూ కూర్చున్నాను.

పేరుకు నా పని వండటం, ఊడవటం, పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకురావటం. కానీ టీచరమ్మ మీటింగుకో సర్వేకో వెళ్లినా, పిల్లల హాజరు, బరువులు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌తో తంటాలు పడుతున్నా పిల్లలు నా చేతిలోనే ఉంటారు. గుడ్లు ఒలుస్తూనే వాళ్లతో లెక్క చెప్పిస్తాను. ఒక పాప ఎవరి దగ్గరా నోరు విప్పదు. నా పక్కన కూర్చుని పెంకులు గిన్నెలో వేస్తూ మాత్రం ఇరవై దాకా తప్పు లేకుండా చెప్తుంది. అయినా ప్రీస్కూల్ ట్రైనింగ్ అంటే టీచర్లనే పిలుస్తారు, నన్ను ఒక్కసారీ పిలవలేదు.

వచ్చే ఏడాది మా టీచరమ్మ రిటైరవుతున్నారు. ఆ పోస్టు నాకిస్తారా, కొత్తవాళ్లను తీసుకుంటారా? ఎవరినడిగినా "చూద్దాంలే" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ సూపర్‌వైజర్: అమ్మా, దారి ఉంది. 2022లో కేంద్రం ఇచ్చిన సక్షమ్ అంగన్‌వాడీ మార్గదర్శకాల్లో టీచర్ పోస్టుల్లో సగం, అయిదేళ్లు పనిచేసి అర్హత ఉన్న ఆయాలతో నింపాలని ఉంది. ఇంటర్ ఉండటం నీకు పెద్ద బలం. అయితే నీ సర్టిఫికెట్ల సంగతి ఆఫీసు రికార్డుల్లో ఎక్కిందా? చాలామంది పాసై మెమోలు బీరువాలో పెట్టుకుంటారు. జిరాక్సులు జతచేసి మీ అంగన్‌వాడీల పైఅధికారి సీడీపీవో గారికి అర్జీ ఇవ్వు, నీ కాపీ మీద ముద్ర వేయించుకో. ఖాళీ రాకముందే ఈ పని కావాలి. నోటిఫికేషన్‌లో రిజర్వేషన్, స్థానికత షరతులు ఏమున్నాయో కూడా చూసుకో.

వరంగల్ ఆయా: అక్కా, మాకు 7,800, టీచర్‌కు 13,650. అందులో కేంద్రం లెక్క ఆయాకు 2,250 అని 2018లో పెట్టింది, అది మరీ అన్యాయం. ఇంకోటి, నీ చేరిక ఆర్డరు జాగ్రత్తగా దాచుకో. పని నుంచి దిగిపోయేటప్పుడు సర్వీసును బట్టి ఒకేసారి ఇచ్చే డబ్బే గ్రాట్యుటీ. 1972 నాటి ఆ గ్రాట్యుటీ చట్టం టీచర్లకూ ఆయాలకూ వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. రేపు అడగాలంటే చేరిన తేదీకి కాగితం కావాలి.

అంగన్‌వాడీ టీచర్, నెల్లూరు: నేను ఆయాగా చేరి టీచరునయ్యాను. అప్పటి మా టీచరమ్మ రోజూ కథల వేళ నాకే వదిలేసేది, అదే నా ట్రైనింగ్. మీరూ రిజిస్టర్లు, యాప్ ఇప్పటి నుంచే దగ్గర కూర్చుని నేర్చుకోండి. పిల్లలతో మీకు ఇబ్బంది ఉండదు, కొత్తలో నన్ను ఏడిపించింది ఆ ఎంట్రీలే. వంట పనయ్యాక అరగంట చూపించమని అడగండి.

అడిగిన ఆమె: నా మెమోలు ఆఫీసుకు ఇవ్వనే లేదండీ. సోమవారం అర్జీతో వెళ్తాను. ముద్ర వేయనంటే రిజిస్టర్ పోస్టులో పంపితే చెల్లుతుందా?

రిటైర్డ్ సూపర్‌వైజర్: చెల్లుతుంది. రసీదు పారేయకు.