అప్‌డేట్: పాలు పడ్డాయి

కావలి నుంచి మళ్లీ రాస్తున్నాను. కాన్పయి నాలుగో రోజుకీ పాలు పడలేదు, నా బరువే కారణమా అని అడిగాను కదా. ఇప్పుడు బాబుకు సరిపడా వస్తున్నాయి.

డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. మామూలుగా రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి. బరువు ఎక్కువున్న వాళ్లలో కొందరికి 72 గంటలు దాటుతుంది. బిడ్డ చీకినప్పుడు పెరగాల్సిన, పాలు తయారయ్యేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ మొదటి వారంలో వాళ్లకు అంతగా పెరగదట. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం కూడా ఒక కారణమే. ఆలస్యమంటే అసలు రావని కాదు. ఈ ఒక్క మాట కాన్పుకు ముందే ప్రతి తల్లికీ చెప్పాలి.

పాలు పడతాయని అమ్మ సొరపిట్టు (సొరచేప పొడికూర) వండి పెట్టింది, ఇష్టంగా తిన్నాను. కానీ నాకు కలిసొచ్చింది నర్సమ్మ చూపించిన పద్ధతి. బిడ్డను నా చంక కిందుగా, కాళ్లు వీపు వైపు వచ్చేలా పట్టుకుని, రొమ్మును కింది నుంచి చేత్తో ఎత్తి పట్టాలి. అలా చేశాక చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా వాడి నోట్లోకి వెళ్లింది, గుటకలు వినిపించాయి. రాత్రిళ్లతో కలిపి రోజుకు 8 నుంచి 12 సార్లు ఇవ్వమన్నారు.

ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు కనీసం 6 సార్లు ఉచ్చ పోయాలి. తగ్గినా, మగతగా పడుకున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.