ఫలేపిలి ఒప్పందం: తువాలు తన గొంతును తాకట్టు పెట్టిందా?

పగడపుదీవి:

2025 జూన్‌లో ఆస్ట్రేలియా ఒక లాటరీ తెరిచింది. ఏటా 280 మంది తువాలు పౌరులకు శాశ్వత నివాస వీసా ఇస్తారు. దరఖాస్తు రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు. జూలై 18న గడువు ముగిసేసరికి కుటుంబ సభ్యులతో కలిపి 8,750 మంది పేర్లు నమోదయ్యాయి. 2017 లెక్కల ప్రకారం ఆ దేశ జనాభా 10,645. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. పసిఫిక్ మహాసముద్రంలో ఫిజీకి ఉత్తరాన పరుచుకున్న తొమ్మిది దీవుల దేశం తువాలు. నేలంతా కలిపినా 26 చదరపు కిలోమీటర్లే. ఎక్కడా 5 మీటర్ల ఎత్తు కూడా లేదు. ప్రజలు పాలినేసియన్లు. బ్రిటిష్‌వారి కాలంలో ఎలిస్ దీవులనే పేరుతో గిల్బర్ట్ దీవులతో కలిపి ఒకే వలస రాజ్యంగా ఉండేది. 1974లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి విడిపోయారు, 1978 అక్టోబర్ 1న స్వాతంత్ర్యం తెచ్చుకున్నారు. గిల్బర్ట్‌వారి సంఖ్యాబలం కింద తమ మాట వినపడకుండా పోతుందనే భయంతో విడిపోయిన జాతి అది.

అలాంటి దేశం 2023 నవంబర్‌లో ఆస్ట్రేలియాతో ఫలేపిలి ఒప్పందం చేసుకుంది. ఫలేపిలి అంటే వాళ్ల భాషలో ఇరుగుపొరుగు ధర్మం. 2024 ఆగస్టు 28 నుంచి అది అమల్లో ఉంది. అందులో నాలుగో అధికరణం చదవండి. రక్షణ, పోలీసు, సరిహద్దు భద్రత, సైబర్ భద్రత, చివరికి రేవులు, టెలికాం, విద్యుత్తు వంటి కీలక సదుపాయాల భద్రత విషయంలో కూడా వేరే ఏ దేశంతో ఏర్పాటు చేసుకోవాలన్నా ముందు ఆస్ట్రేలియా అంగీకారం ఉండాలి. వీసాలు ఇచ్చి గొంతు తీసుకున్నారని నా అభిప్రాయం. మీరేమంటారు?

నల్లకోటు:

ఒక్క అధికరణం పట్టుకుని తీర్పు చెప్పకండి. రెండో అధికరణం కూడా చదవండి. సముద్రమట్టం పెరిగి నేలకు ఏ గతి పట్టినా తువాలు రాజ్యంగా కొనసాగుతుందని, దాని సార్వభౌమత్వం చెక్కుచెదరదని ఆస్ట్రేలియా అందులో ఒప్పుకుంది. అంతకుముందు మరే ఒప్పందంలోనూ ఏ దేశమూ ఇంకో దేశానికి ఈ మాట రాసివ్వలేదు.

దీని విలువ తెలియాలంటే 1933 నాటి మోంటెవీడియో ఒడంబడిక గుర్తు చేసుకోవాలి. రాజ్యమంటే శాశ్వత జనాభా, నిర్దిష్ట భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో వ్యవహరించే శక్తి ఉండాలని అది చెప్పింది. మరి భూభాగం నీళ్లపాలైతే? తువాలు 2023లో తన రాజ్యాంగాన్ని సవరించి, ఏం జరిగినా తన రాజ్యత్వం శాశ్వతమని రాసుకుంది. కానీ మన ఇంటి హద్దు మనం రాసుకోవడం వేరు, పొరుగువారు సంతకం పెట్టి ఒప్పుకోవడం వేరు. 2025 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా తన సలహా అభిప్రాయంలో, ఒకసారి ఏర్పడిన రాజ్యం ఏదో ఒక లక్షణం పోయినంత మాత్రాన రాజ్యం కాకుండా పోనక్కర్లేదని చెప్పింది. ఆ దిశగా మొదటి రాయి వేసిన ఒప్పందం ఇదే.

ఇది 26 చదరపు కిలోమీటర్ల నేలతో ముగిసే సంగతి కాదు. ఆ నేలను ఆధారం చేసుకుని తువాలుకు ఏడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రం మీద హక్కుంది. ట్యూనా చేపలు పట్టుకోవడానికి విదేశీ నౌకలు కట్టే రుసుమే ఆ దేశ ఖజానాకు ప్రధాన ఆధారం. రాజ్యం లేదంటే ఆ సముద్రమూ లేదు.

ఇంకొక్కటి. పన్నెండు నెలల ముందు నోటీసు ఇచ్చి ఎవరైనా ఈ ఒప్పందం నుంచి బయటికి రావచ్చు. తాకట్టు అనే మాట ఇక్కడ చెల్లదు.

లెక్కల మాస్టారు:

అసలు మునిగిపోవడం అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం. 2018లో ఒక ప్రముఖ విజ్ఞాన పత్రికలో వచ్చిన పరిశోధన చూడండి. తువాలులోని 101 చిన్నా పెద్దా దీవుల పాత, కొత్త చిత్రాలను పోల్చారు. 1971 నుంచి 2014 వరకు మొత్తం నేల విస్తీర్ణం 2.9 శాతం, అంటే 73 హెక్టార్లకు పైగా పెరిగింది. అలలు పగడపు ముక్కలనూ ఇసుకనూ మోసుకొచ్చి ఒడ్డున పోస్తుంటాయి. పగడపు దీవి కదులుతుంది, ఆకారం మార్చుకుంటుంది. భయం చూపించి జనాన్ని కదిలించడం న్యాయమేనా?

సువా నుంచి:

మాస్టారూ, మీ అంకెలు సరైనవే. కానీ విస్తీర్ణం పెరిగిన నేల మీద బతకగలమా అన్నది వేరే లెక్క.

నేను ఫిజీ రాజధాని సువాలో ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. (ఇక్కడ చెరకు తోటలకు కూలీలుగా వచ్చిన మన తెలుగువాళ్ల మునిమనవలు ఎందరో ఉన్నారు. వాళ్ల గురించి వేరే చర్చ పెట్టుకుందాం.) తువాలుకు విమానం ఎక్కేది సువా నుంచే. పని మీద రెండుసార్లు తువాలు రాజధాని ఫునాఫుటి వెళ్లాను. కిటికీలోంచి చూస్తే ఒక పక్క మహాసముద్రం, ఇంకో పక్క ఉప్పుకయ్య, మధ్యలో సన్నటి నేల. కొన్నిచోట్ల రోడ్డు వెడల్పు తప్ప ఇంకేమీ లేదు. విమానం వచ్చే ముందు సైరన్ మోగుతుంది. అప్పటిదాకా రన్‌వే మీద ఆడుకుంటున్న పిల్లలు పక్కకు తప్పుకుంటారు. విమానం వెళ్లిపోగానే మళ్లీ అక్కడికే చేరతారు. అంత వెడల్పాటి ఖాళీ స్థలం అక్కడ దొరకడం కష్టం. 1942లో అమెరికా సైన్యం దిగి ఆ రన్‌వే కట్టింది. దాని కోసం నేలను తవ్వి వదిలేసిన గుంటలు డెబ్బై ఏళ్లు అలాగే ఉండిపోయాయి. 2015లో న్యూజిలాండ్ సాయంతో వాటిని పూడ్చారు. ఉన్నదే గుప్పెడు నేల, అందులో అంత భాగం డెబ్బై ఏళ్లు ఉప్పునీటి గుంటలై ఉండిపోయింది!

నా రెండో ప్రయాణం ఫిబ్రవరిలో, పెద్ద పోటు రోజుల్లో. అల ఒడ్డు దాటి రావడం చూస్తాననుకున్నాను. నేను చూసింది వేరు. నేను బస చేసిన ఇంటి వెనక నేలలోంచి నీళ్లు ఊరాయి. చిన్న బుడగలతో మొదలై అరగంటలో చీలమండ లోతు అయ్యాయి. పగడపు నేల జల్లెడ లాంటిది, గోడ కట్టినా కిందినుంచి వస్తుంది. ఆ ఇంటి పెద్దావిడ నన్ను తమ పులక గుంట దగ్గరికి తీసుకెళ్లారు. పులక మన చేమదుంపకు పెద్దన్న. నదీ చెరువూ లేని ఆ దీవుల్లో నేలను లోతుగా తవ్వి, అడుగున పలచగా ఉండే మంచినీటి పొరను అందుకుని, ఆకుల ఎరువు వేసి తరతరాలుగా పెంచుకున్న పంట. ఆమె ఒక మొక్క పీకి చూపించారు. ఆకుల అంచులు కాలినట్టు పసుపు తిరిగి ఉన్నాయి, దుంప పిడికిలంత కూడా లేదు, అడుగు మెత్తబడిపోయింది. ఉప్పు తగిలిందన్నమాట. దీవి విస్తీర్ణం అంగుళం తగ్గకపోయినా ఆ గుంట చచ్చిపోయింది. తాగడానికి పైకప్పు మీద పడే వాననీరే దిక్కు. 2011లో వానలు ముఖం చాటేస్తే అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది.

లెక్కల మాస్టారు:

ఒప్పుకుంటున్నాను. విస్తీర్ణం ఒక్కటే చూసి మాట్లాడటం నా పొరపాటు. ఆ పరిశోధన కూడా అక్కడ సముద్రమట్టం ఏటా దాదాపు 4 మిల్లీమీటర్లు పెరిగిందనే చెప్పింది, నేను ఆ భాగం రాయలేదు.

ఆక్లాండ్ వాసి:

మీరందరూ సముద్రం గురించి మాట్లాడుతున్నారు. నాకు భయం వీసా గురించి. నియుయె కథ వినండి.

నియుయె కూడా పాలినేసియా దేశమే, 1974 నుంచి న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా సహవాసంలో ఉంది, అంటే తన పాలన తాను చూసుకుంటూనే న్యూజిలాండ్‌తో ముడిపడి ఉంది. ప్రజలందరూ న్యూజిలాండ్ పౌరులు. అది మునిగే దీవి కాదు. పైకి లేచిన పగడపు రాయి, 60 మీటర్లకు పైగా ఎత్తు, తువాలుకు పది రెట్లు పెద్దది, దాదాపు 260 చదరపు కిలోమీటర్లు. 1966లో అక్కడ 5,000 మందికి పైగా ఉండేవారు. ఇప్పుడు 1,700 లోపు. మిగిలినవాళ్లూ వాళ్ల పిల్లలూ ఇక్కడ మా ఊళ్లోనే ఉన్నారు. సముద్రం ఒక్క గజం కూడా తీసుకోకుండానే దీవి ఖాళీ అయింది. తలుపు తెరిచి ఉంటే చాలు, మనుషులు వెళతారు. ముందు చదువుకున్న కుర్రవాళ్లు వెళతారు, తరువాత వాళ్లను చూసుకోవడానికి తల్లిదండ్రులు వెళతారు.

మా వీధిలో తువాలు కుటుంబాలు కూడా ఉన్నాయి. న్యూజిలాండ్ 2002 నుంచి వాళ్లకు ఏటా 75 మంది చొప్పున అవకాశం ఇచ్చింది, తరువాత పెంచింది. దానికి ఇప్పుడు ఆస్ట్రేలియా 280 కలపండి.

లెక్కల మాస్టారు:

280తో 10,645ను భాగిస్తే 38 వస్తుంది. అందుకని 38 ఏళ్లలో దేశం ఖాళీ అని ఎవరైనా రాస్తే నమ్మకండి. పుట్టేవాళ్లున్నారు, తిరిగొచ్చేవాళ్లున్నారు. ఈ వీసాతో వెళ్లినవారు ఎప్పుడైనా ఇంటికి రావచ్చు, మళ్లీ వెళ్లవచ్చు. నియుయెకు లేని పరిమితి ఇక్కడ ఉంది. ఉన్న కొద్దిమంది నర్సులూ ఉపాధ్యాయులూ ఒక్కసారిగా వెళ్లిపోకూడదనే ఆ పరిమితి పెట్టారు.

ఆక్లాండ్ వాసి:

పరిమితి సంఖ్యకు ఉంది, కానీ వృత్తికి లేదు కదండీ. లాటరీలో ఒకే ఏడాది పది మంది నర్సుల పేర్లు వస్తే ఆ దీవుల్లో ఎవరు మిగులుతారు?

పగడపుదీవి:

ఇంతవరకు వచ్చిన సమాధానాల్లో అందరూ ఒక సంగతి వదిలేశారు. ఈ ఒప్పందం గురించి ప్రజలను అడిగారా?

తువాలు పార్లమెంటులో 16 మంది సభ్యులు. ఎనిమిది దీవులకు ఇద్దరేసి. తొమ్మిదోదైన నియులకిత నియుటావోతో కలిసి ఉంటుంది. తువాలు అంటేనే ‘కలిసి నిలిచిన ఎనిమిది’. రాజకీయ పార్టీలు లేవు. ప్రధానిని ఆ పదహారు మందే ఎన్నుకుంటారు. ప్రతి దీవికీ ఫలేకౌపులే అనే సంప్రదాయ సభ ఉంది. 1997 చట్టం స్థానిక పాలనలో దానికి అధికారం కట్టబెట్టింది. పెద్దలు కూర్చుని, చాపల మీద గంటల తరబడి మాట్లాడుకుని, అందరూ సమ్మతించాక లేచే పద్ధతి వాళ్లది. అంత ఓపికగా మాట్లాడుకునే జనానికి, నాలుగో అధికరణం సంగతి సంతకాలయ్యాక తెలిసింది. 2024 జనవరి ఎన్నికల్లో, ఈ ఒప్పందం చేసుకున్న ప్రధాని కౌసియా నటానో తన స్థానమే కోల్పోయారు. మాజీ ప్రధాని ఎనెలె సోపోవాగా ఈ ఒప్పందాన్ని రద్దు చేయాలన్నారు. కొత్త ప్రధాని ఫెలెటి టెయో ప్రభుత్వం కూడా ఒప్పందం ఆశయాలను సమర్థిస్తూనే, సంప్రదింపులు, పారదర్శకత కొరవడ్డాయని తన ప్రాధాన్య ప్రకటనలో రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఇక నేను కొత్తగా చెప్పేదేముంది?

నల్లకోటు:

సంప్రదింపుల విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. కానీ టెయో ఎవరో చూడండి. తువాలుకు అటార్నీ జనరల్‌గా పనిచేశారు, పశ్చిమ, మధ్య పసిఫిక్ చేపల వేట కమిషన్‌కు కార్యనిర్వాహక సంచాలకుడిగా ఉన్నారు. పెద్ద దేశాలతో చర్చల బల్ల దగ్గర కూర్చుని ప్రతి పదానికీ పేచీ పెట్టడం ఆయనకు అలవాటైన పని. అలాంటి మనిషి మొత్తం చదివి అమలు చేయడానికే నిర్ణయించారు. 2022లో సాలమన్ దీవులు చైనాతో భద్రతా ఒప్పందం చేసుకున్నాక ఆస్ట్రేలియాకు పుట్టిన కంగారే నాలుగో అధికరణానికి మూలం. తువాలు ఆ కంగారుకు ధర కట్టి, తనకు కావలసిన రెండో అధికరణాన్ని రాబట్టుకుంది. దానికి బేరం అని పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

పగడపుదీవి:

సరే, ‘తాకట్టు’ అనే మాట వెనక్కి తీసుకుంటున్నాను. నోటీసు గడువు సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. కానీ కరెంటు, టెలికాం ఆ జాబితాలో ఎందుకున్నాయో ఇప్పటికీ నాకు మింగుడుపడటం లేదు. జనంలో అధిక భాగం ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాక పన్నెండు నెలల నోటీసు ఇచ్చే ధైర్యం ఏ ప్రధానికి ఉంటుంది?

సువాలో ఉన్న మిత్రులను ఒక్కటి అడగాలి. ఆ పెద్దావిడ వెళతానన్నారా?

సువా నుంచి:

లేదు. లాటరీ గడువు ముగిశాక ఆమె కొడుకు ఫోన్ చేశాడు. తన పేరూ భార్యాబిడ్డల పేర్లూ ఇచ్చాడట, తల్లి మాత్రం తన పేరు ఇవ్వనివ్వలేదు. వాళ్ల నేల కైతాసి. అంటే ‘ఒక్కటిగా తినేది’, వంశమంతటికీ ఉమ్మడి ఆస్తి. వెళ్లినవాళ్ల హక్కు పోదు. కానీ కొబ్బరిచెట్ల హద్దు ఎక్కడో, ఏ గుంట ఏ అన్నదమ్ములదో నోటితో చెప్పగలిగేవాళ్లు ఒకరైనా అక్కడ ఉండాలని ఆమె పట్టుదల.

2024 ఎన్నికల తరువాత వాతావరణం బాగాలేక, బయటి దీవుల నుంచి సభ్యులు పడవలో రాజధాని చేరడానికి వారాలు పట్టింది. ప్రధాని ఎన్నిక అంతవరకు ఆగింది. పదహారు మందీ చేరేదాకా దేశం ఎదురు చూసింది. ఆ సంగతి చెబుతూ ఆ కుర్రవాడు నన్ను అడిగాడు: ‘‘మేము బ్రిస్బేన్‌లో ఉంటే, మా దీవి నుంచి వచ్చే ఆ ఇద్దరు ఎవరి ఓటుతో వస్తారు?’’ నా దగ్గర జవాబు లేదు. నల్లకోటు గారూ, ఒప్పందంలో గానీ వాళ్ల రాజ్యాంగంలో గానీ దీని గురించి ఏమైనా ఉందేమో చూసి చెప్పగలరా? అతనికి చెప్పాలి.