డీప్ ఆర్కైవ్ నుంచి 4 టీబీ దించాలి: రీస్టోర్ అయ్యాక కూడా సింక్ ఫైళ్లను వదిలేస్తోంది

(ఫోరమ్‌లో జరిగిన చర్చ ఇది. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

నిల్వగది:

అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) వారి నిల్వ సేవ ఎస్3లో మాకొక బకెట్, అంటే ఫైళ్లు దాచే డబ్బా, ఉంది. అందులో సుమారు 2,60,000 ఆబ్జెక్టులు (ఫైళ్లు), మొత్తం 4 టీబీ. ఎక్కువ భాగం 10–20 ఎంబీ స్కాన్ ఫైళ్లు, కొన్ని మాత్రం 60–80 జీబీ టార్ ఫైళ్లు (అనేక ఫైళ్లను ఒక్కటిగా కట్టిన మూటలు). మేం పెట్టుకున్న లైఫ్‌సైకిల్ రూల్ ప్రకారం ఏడాది దాటినవన్నీ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ అనే చవకైన దీర్ఘకాల స్టోరేజ్ క్లాస్‌లోకి వెళ్లాయి. అక్కడివి ముందు రీస్టోర్ చేస్తేనే చదవగలం. ఇప్పుడు అన్నిటినీ ఆఫీసు సర్వర్ మీదికి దించాలి. లైన్ 100 ఎంబీపీఎస్.

నేరుగా దించబోతే 403 ఎర్రర్, ఇన్‌వ్యాలిడ్ ఆబ్జెక్ట్ స్టేట్ అంటోంది. పరీక్షకి ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లను కన్సోల్ నుంచి రీస్టోర్‌కి పెట్టాం. హెడ్-ఆబ్జెక్ట్ (ఒక ఫైలు వివరాలు మాత్రమే చూపే కమాండ్) కొట్టి చూస్తే పూర్తయిందనే ఉంది. అయినా బకెట్‌లో ఉండి మా దగ్గర లేని ఫైళ్లను దించే ఏడబ్ల్యూఎస్ ఎస్3 సింక్ కమాండ్ నడిపితే ఒక్కో ఫైలుకీ "గ్లేసియర్ క్లాస్‌లో ఉంది, వదిలేస్తున్నా" అని వార్నింగ్ ఇచ్చి ముందుకు పోతోంది. ఎందుకిలా? ఇన్ని లక్షల ఫైళ్లకి రీస్టోర్ పెట్టే సరైన పద్ధతి ఏది? రీస్టోర్ ఎన్ని రోజులకి అడగాలి?

బకెట్‌వైపు:

ముందు సింక్ సంగతి. రీస్టోర్ అంటే ఆబ్జెక్టు డీప్ ఆర్కైవ్ నుంచి బయటికి రావడం కాదు. అసలు ప్రతి అక్కడే ఉంటుంది, చదువుకోవడానికి ఒక తాత్కాలిక ప్రతి తయారవుతుంది. స్టోరేజ్ క్లాస్ మారదు కాబట్టి లిస్టింగ్‌లో ఆ ఫైలు ఇంకా డీప్ ఆర్కైవ్ అనే కనిపిస్తుంది. సింక్, రికర్సివ్ కాపీ (ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసే కమాండ్) రెండూ ఆ లిస్టింగ్ చూసే నిర్ణయం తీసుకుంటాయి, ఒక్కో ఫైలు రీస్టోర్ అయిందో లేదో విడిగా అడగవు. అందుకే కమాండ్ చివర ఫోర్స్-గ్లేసియర్-ట్రాన్స్‌ఫర్ అనే ఆప్షన్ ఇవ్వాలి. అది ఇస్తే ప్రతి ఫైలునీ దించడానికి ప్రయత్నిస్తుంది. రీస్టోర్ కానివి 403తో ఫెయిలవుతాయి, అయినవి దిగుతాయి. ఇగ్నోర్-గ్లేసియర్-వార్నింగ్స్ అని ఇంకొకటి ఉంది, దాన్ని దీనితో కలిపి చూడొద్దు. అది వార్నింగ్‌లను దాచేస్తుందంతే, ఫైళ్లు మాత్రం దిగవు. అన్నీ వచ్చేశాయనుకుని బకెట్ తుడిచేసే ప్రమాదం అక్కడే ఉంది.

ఇక రోజుల లెక్క. దీన్ని లైన్ వేగం నుంచి వెనక్కి వేసుకోవాలి. 4 టీబీ 100 ఎంబీపీఎస్ మీద, లైన్ పూర్తిగా దీనికే ఇచ్చినా, దాదాపు 89 గంటలు పడుతుంది. ఆఫీసు వాడకానికి సగం వదిలితే వారం దాటినట్టే. అందుకని 10 రోజులు అడగండి. గడువు రీస్టోర్ పూర్తయిన సమయం నుంచి లెక్కకొస్తుంది, ఆపైన తర్వాతి యూటీసీ అర్ధరాత్రికి సర్దుకుంటుంది. ఆ రోజులన్నిటికీ తాత్కాలిక ప్రతికి ఎస్3 స్టాండర్డ్ రేటు, అసలు ప్రతికి డీప్ ఆర్కైవ్ రేటు, రెండూ పడతాయి. కాబట్టి ఎందుకైనా మంచిదని 60 రోజులు పెట్టకండి. గడువు ముగిసేలోపు అదే ఆబ్జెక్టుకి మళ్లీ రీస్టోర్ రిక్వెస్ట్ పంపితే గడువు ఆ క్షణం నుంచి కొత్తగా మొదలవుతుంది. దానికి రిక్వెస్ట్ చార్జీ ఒక్కటే, డేటా మళ్లీ తీసినందుకు డబ్బు పడదు. గడువు దాటాక అడిగితే మాత్రం మొదటి నుంచి మొత్తం చెల్లించాలి.

డీప్ ఆర్కైవ్‌కి రెండే వేగాలు: స్టాండర్డ్ అయితే 12 గంటల లోపు, బల్క్ అయితే 48 గంటల లోపు. నిమిషాల్లో తెచ్చే ఎక్స్‌పిడైటెడ్ ఇక్కడ లేదు, అది గ్లేసియర్‌లోనే ఇంకో క్లాస్ అయిన ఫ్లెక్సిబుల్ రిట్రీవల్ లాంటి వాటికి. యూఎస్ ఈస్ట్ రేట్ల ప్రకారం బల్క్‌లో జీబీ ధర స్టాండర్డ్‌లో ఎనిమిదో వంతు, రిక్వెస్ట్ ధర నాలుగో వంతు. మీ ఫైళ్లు దిగడానికే నాలుగు రోజులు కావాలి, తయారవడానికి రెండు రోజులు ఆగలేమా? బల్క్ పెట్టండి.

2,60,000 ఫైళ్లకి కన్సోల్‌లో టిక్కులు పెట్టుకుంటూ కూర్చోలేం. దీనికి ఎస్3 బ్యాచ్ ఆపరేషన్స్ ఉంది, లక్షల ఆబ్జెక్టుల మీద ఒకే పనిని ఒక జాబ్‌గా నడుపుతుంది. ఆబ్జెక్టుల జాబితా, అంటే మానిఫెస్ట్, సీఎస్‌వీగా ఇవ్వాలి: మొదటి గడిలో బకెట్ పేరు, రెండో గడిలో కీ, అంటే ఆబ్జెక్టు పూర్తి పేరు. కీలు యూఆర్‌ఎల్ ఎన్‌కోడింగ్‌లో (ప్రత్యేక అక్షరాల బదులు % గుర్తు ఉన్న కోడ్లతో) ఉండాలి. ఖాళీలూ తెలుగు అక్షరాలూ ఉన్న పేర్లను ఉన్నదున్నట్టు రాస్తే ఆ వరుసలు తప్పిపోతాయి. ఎస్3 ఇన్వెంటరీ (బకెట్‌లోని ఆబ్జెక్టుల జాబితా రిపోర్టు) ఇచ్చే సీఎస్‌వీ అలా ఎన్‌కోడ్ అయ్యే వస్తుంది కానీ మొదటి రిపోర్టు రావడానికి 48 గంటల దాకా పట్టొచ్చు. ఆగలేకపోతే జాబ్ సృష్టించేటప్పుడే ప్రిఫిక్స్ (కీ మొదటి భాగం, ఫోల్డర్ పేరు లాంటిది), స్టోరేజ్ క్లాస్ ఫిల్టర్లు ఇచ్చి మానిఫెస్ట్‌ని అక్కడికక్కడే తయారు చేయించుకోండి.

జాబ్‌కి ఇచ్చే ఐయామ్ రోల్‌కి (ఏడబ్ల్యూఎస్‌లో అనుమతులు కట్టిపెట్టిన గుర్తింపు) రీస్టోర్-ఆబ్జెక్ట్ అనుమతి, మానిఫెస్ట్ చదివే అనుమతి, రిపోర్టు రాసే అనుమతి ఉండాలి. ఆ రోల్‌ని ఎవరు వాడొచ్చో చెప్పే ట్రస్ట్ పాలసీలో బ్యాచ్ ఆపరేషన్స్ సర్వీసు పేరు ఉండాలి. కన్సోల్‌లో సృష్టించిన జాబ్ దానంతట అది మొదలవదు, నిర్ధారణ కోసం ఆగి ఉంటుంది. రన్ జాబ్ నొక్కాలి.

చాలామంది తడబడేది దీని తర్వాతే. జాబ్ కంప్లీటెడ్ అని చూపిస్తే రీస్టోర్ పూర్తయినట్టు కాదు, రిక్వెస్టులన్నీ పంపడం పూర్తయినట్టు. ఫైళ్లు సిద్ధమయ్యేది ఆ తర్వాత గంటల మీద. మధ్యలో అదే వేగంతో మళ్లీ రిక్వెస్ట్ పంపితే 409, రీస్టోర్ ఆల్రెడీ ఇన్ ప్రోగ్రెస్ వస్తుంది. అది తప్పు కాదు, పని నడుస్తోందనే.

మబ్బుతీగ:

పైన చెప్పిన దానికి కొన్ని చేర్పులు.

ఎన్ని ఫైళ్లు సిద్ధమయ్యాయో తెలుసుకోవడానికి ఒక్కో దానికి హెడ్-ఆబ్జెక్ట్ కొట్టొద్దు, అది 2,60,000 రిక్వెస్టులు. బకెట్ జాబితా ఇచ్చే లిస్ట్-ఆబ్జెక్ట్స్-వీ2కి ఆప్షనల్ ఆబ్జెక్ట్ అట్రిబ్యూట్స్ కింద రీస్టోర్ స్టేటస్ అడిగితే ప్రతి కీ పక్కనే రీస్టోర్ ఇంకా నడుస్తోందా, గడువు ఎప్పుడు అన్నది వస్తుంది. పేజీకి 1,000 చొప్పున 260 రిక్వెస్టులతో తేలిపోతుంది.

అన్నిటికీ ఒకేసారి రీస్టోర్ అడగకుండా పనిని ప్రిఫిక్స్‌ల వారీగా విడగొట్టడం ఇంకా మేలు. 4 టీబీ ఒకేసారి రీస్టోర్ చేస్తే చివర్లో దిగే ఫైలు కూడా అన్ని రోజులూ స్టాండర్డ్ రేటు తింటూ కూర్చుంటుంది. 1 టీబీ చొప్పున నాలుగు జాబ్‌లు, ఒకటి దిగుతుండగా తర్వాతది తయారవుతూ ఉండేలా పెట్టండి. బల్క్‌కి 48 గంటలు కాబట్టి రెండు రోజుల ముందు అడిగితే సరిపోతుంది. అప్పుడు ఒక్కో జాబ్‌కి నాలుగైదు రోజుల గడువు చాలు.

బిల్లు విషయంలో ఒక మాట. అందరూ రీస్టోర్ ఖర్చు గురించే కంగారు పడతారు. పెద్ద పద్దు అది కాదు, ఇంటర్నెట్ మీదుగా బయటికి వెళ్లే డేటా చార్జీ. నెలకి 100 జీబీ దాకా ఉచితం, మిగతాదంతా లెక్కలోకే. మీ డేటాని ఏడబ్ల్యూఎస్ నుంచి పూర్తిగా బయటికి తరలించేస్తున్నట్టయితే, ముందుగా సపోర్ట్‌కి రాయండి. 2024 మార్చి నుంచి అలా వెళ్లేవాళ్లు అడిగితే ఆ చార్జీకి క్రెడిట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. దించేశాక అడగడం కాదు, ముందే అడగాలి.

ఫైళ్లు కేఎమ్ఎస్ (ఏడబ్ల్యూఎస్ తాళాల సేవ) ఎన్‌క్రిప్షన్ కీతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే దించే యూజర్‌కి ఆ కీ మీద డిక్రిప్ట్ అనుమతి కూడా కావాలి. అది లేకపోయినా 403యే వస్తుంది, కానీ యాక్సెస్ డినైడ్ అని. 403 అనగానే రీస్టోర్ కాలేదని అనుకోకుండా ఎర్రర్ కోడ్ చదవండి. బకెట్ మీద లిస్ట్ అనుమతి లేనప్పుడు అసలు లేని కీని అడిగినా 404 (దొరకలేదు) బదులు 403యే ఇస్తుంది.

నిల్వగది:

ఫోర్స్ ఆప్షన్‌తో పరీక్ష ఫోల్డర్ దిగింది, ఇద్దరికీ ధన్యవాదాలు. ప్రిఫిక్స్‌ల వారీగానే వెళ్తాం. ఇంకో రెండు అనుమానాలు. 80 జీబీ టార్ మధ్యలో లైన్ తెగితే ఆగిన చోటి నుంచి కొనసాగుతుందా? దిగినవి సరిగ్గా ఉన్నాయో లేదో ఈట్యాగ్‌తో (ఎస్3 ప్రతి ఆబ్జెక్టుకీ ఇచ్చే గుర్తు) పోల్చవచ్చా? ఒక పెద్ద ఫైలుకి ఎండీ5 (ఫైలు బైట్ల నుంచి లెక్కించే వేలిముద్ర) వేస్తే ఈట్యాగ్‌తో కలవలేదు.

చెక్‌సమ్:

మొదటిదానికి: సింక్ ఫైళ్ల మధ్య కొనసాగుతుంది, ఫైలు లోపల కాదు. మళ్లీ నడిపితే ఇప్పటికే దిగిన ఫైళ్లను సైజు, తేదీ చూసి వదిలేస్తుంది. సగంలో ఆగిన ఫైలుని మాత్రం సున్నా నుంచి మొదలుపెడుతుంది. కరెంటు పోయి ప్రాసెస్ హఠాత్తుగా చస్తే, పేరు చివర చుక్క, ఎనిమిది అక్షరాల తోకతో సగం ఫైళ్లు మిగిలిపోతాయి. పని అయ్యాక వాటిని వెతికి తీసేయండి, లేదంటే డిస్కు ఊరికే నిండుతుంది.

80 జీబీ టార్లకి సింక్ వాడొద్దు. 100 ఎంబీపీఎస్ మీద ఒక్కోటి సుమారు 1 గంట 50 నిమిషాలు పడుతుంది, 90 శాతం దగ్గర తెగితే మళ్లీ అంతా. వాటికి ప్రీసైన్డ్ యూఆర్‌ఎల్ (అనుమతి సంతకం లోపలే ఉన్న లింకు) తీసుకుని కర్ల్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌లో కంటిన్యూ ఆప్షన్‌తో దించండి. లోపల జరిగేది రేంజ్ హెడర్‌తో మిగతా బైట్లు మాత్రమే అడగడం, ఎస్3 206తో జవాబిస్తుంది. యూఆర్‌ఎల్ గడువు గరిష్ఠంగా 7 రోజులు. కానీ తాత్కాలిక క్రెడెన్షియల్స్‌తో, అంటే రోల్ నుంచి సంతకం చేస్తే, ఆ క్రెడెన్షియల్స్ ఎప్పుడు చెల్లకుండా పోతే యూఆర్‌ఎల్ కూడా అప్పుడే పోతుంది, మీరు 7 రోజులు రాసినా. గడువు చూసేది రిక్వెస్ట్ మొదలైనప్పుడే కాబట్టి నడుస్తున్న డౌన్‌లోడ్ ఆగదు. తెగి మళ్లీ అడిగినప్పుడు 403 వస్తుంది. కొత్త యూఆర్‌ఎల్ తీసుకుని అదే ఫైలు మీద కొనసాగిస్తే చాలు.

ఈట్యాగ్: మల్టీపార్ట్‌గా, అంటే ముక్కలుగా ఎక్కించిన ఫైలుకి ఈట్యాగ్ మొత్తం ఫైలు ఎండీ5 కాదు. చివర గీత, దాని పక్కన ఒక సంఖ్య ఉంటే అది ముక్కల సంఖ్య. ఒక్కో ముక్క ఎండీ5ని బైనరీగా వరసపెట్టి, ఆ వరుసకి మళ్లీ ఎండీ5 వేస్తే వచ్చేదే ఆ ఈట్యాగ్. కాబట్టి అప్పుడు వాడిన ముక్క సైజు తెలియాలి. సీఎల్ఐ (ఏడబ్ల్యూఎస్ కమాండ్ లైన్ సాధనం) మామూలుగా 8 ఎంబీ ముక్కలు చేస్తుంది: 100 ఎంబీ ఫైలుకి 13 ముక్కలు. మీ ఫైలు సైజుని 8 ఎంబీతో భాగించి, ముక్కల సంఖ్యతో సరిపోతే అదే సైజుతో లెక్క వేయండి. 80 జీబీకి అది సరిపోదు. 10,000 ముక్కలకి మించి కుదరదు కాబట్టి సీఎల్ఐ ముక్క సైజుని పెంచుకుంటుంది. 8 ఎంబీని రెట్టింపు చేసి 16తో ప్రయత్నించండి. కేఎమ్ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ అయిన వాటికి ఈ లెక్క అసలు పనిచేయదు, వాటి ఈట్యాగ్ ఎండీ5 నుంచి రాదు. అక్కడ సైజులు పోల్చి, టార్ అయితే లోపలి జాబితా చివరిదాకా చదవగలుగుతోందో చూడటం ఒక దారి. ఎక్కించేటప్పుడు ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ (ఎండీ5 లాంటిదే ఇంకో వేలిముద్ర) అడిగి ఉంటే దాన్ని వాడండి.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ ఇన్ని ఫైళ్లలో తప్పక తగులుతుంది. ఎస్3 కీలో పెద్దక్షరం, చిన్నక్షరం వేర్వేరు. సర్వర్ విండోస్ అయితే కాదు, ఒకే పేరు రెండు రకాలుగా ఉన్న ఫైళ్లలో ఒకటి ఇంకోదాన్ని చెరిపేస్తుంది. దించే ముందు ఇన్వెంటరీలోని కీలన్నిటినీ చిన్నక్షరాల్లోకి మార్చి డూప్లికేట్లు ఉన్నాయేమో చూడండి. లినక్స్ అయితే వేరే పరిమితి: ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, కీ మాత్రం 1,024 బైట్ల దాకా ఉండొచ్చు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తుకి 3 బైట్లు, గుణింతం గుర్తూ పొల్లూ విడిగా లెక్క. అంటే 85 గుర్తులకే పేరు నిండిపోతుంది. పత్రం శీర్షికనే ఫైలు పేరుగా పెట్టిన స్కాన్లు ఇక్కడ ఆగిపోతాయి. వాటిని విడిగా పట్టుకుని పొట్టి పేరుతో దించాలి.

మబ్బుతీగ:

చెక్‌సమ్ గారు చెప్పిన పోలిక అంతా అయ్యేదాకా బకెట్ తుడవకండి. తుడిచేటప్పుడు కూడా రెండు చూసుకోండి. డీప్ ఆర్కైవ్‌లోకి వెళ్లి 180 రోజులు కాని ఆబ్జెక్టుని తీసేస్తే మిగిలిన రోజుల చార్జీ పడుతుంది, రూల్ ఈ మధ్యే తరలించిన వాటిని అది గడిచేదాకా ఉంచేయడం మంచిది. వెర్షనింగ్ ఆన్‌లో ఉన్న బకెట్‌లో మామూలుగా డిలీట్ కొడితే పడేది డిలీట్ మార్కర్ (తీసేసినట్టు చూపే గుర్తు) మాత్రమే, పాత వెర్షన్లు లోపలే ఉండి బిల్లు వస్తూనే ఉంటుంది. నాన్-కరెంట్ వెర్షన్లని తీసేసే లైఫ్‌సైకిల్ రూల్ విడిగా పెట్టాలి. సగంలో వదిలేసిన మల్టీపార్ట్ అప్‌లోడ్‌లకీ ఇంకో రూల్ ఉంది, అవి లిస్టింగ్‌లో కనిపించవు గానీ చోటు తింటాయి.